‘పేపర్లుంటే చాలు.. పీహెచ్‌డీ మీదే’ అంటున్నారా? ప్రచురణలతో డాక్టరేట్ ఎక్కడ నిజం, ఎక్కడ మోసం

‘ఎంట్రన్స్ లేదు. కోర్సు వర్క్ లేదు. క్లాసులకు వెళ్లక్కర్లేదు. మీరు ఇప్పటికే ప్రచురించిన రిసెర్చ్ పేపర్లు చాలు. ఆరు నెలల్లో పేరు ముందు డాక్టర్!’

ఇలాంటి ప్రకటన మీ వాట్సాప్ గ్రూపులోకో, ఫేస్‌బుక్ ఫీడ్‌లోకో వచ్చే ఉంటుంది. ఇంజినీరింగ్ కాలేజీలో పన్నెండేళ్లుగా పాఠాలు చెబుతున్న ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్ దాన్ని చూశారనుకుందాం. చేతిలో ఎనిమిది పేపర్లున్నాయి. ప్రమోషన్ పీహెచ్‌డీ దగ్గర ఆగిపోయింది. ఇంట్లో ఇద్దరు పిల్లలు, నెల తిరిగేసరికి ఈఎంఐ. మళ్లీ మొదటి నుంచి పీహెచ్‌డీ అంటే ఐదారేళ్లు. ప్రకటనలో అడుగుతున్నది కొన్ని లక్షలు. ‘నా పని నేను చేసేశాను కదా, ఇక డిగ్రీ ఇవ్వడానికేం?’ అన్న ఆలోచన రావడం సహజమే.

ఇక్కడే చిక్కు. ఆ ప్రకటన పూర్తిగా అబద్ధం కాదు. ప్రచురించిన పరిశోధన ఆధారంగా పీహెచ్‌డీ ఇచ్చే పద్ధతి ప్రపంచంలో నిజంగానే ఉంది. పేరున్న వర్సిటీలే ఇస్తాయి. కానీ ప్రకటనలో చెప్పినట్టు మాత్రం కాదు. పైగా మన దేశంలో యూజీసీ నిబంధనల కింద ఆ దారి లేదు. డబ్బు కట్టకముందే ఈ తేడా తెలుసుకోవాలి.

అసలు ‘పీహెచ్‌డీ బై పబ్లికేషన్’ అంటే ఏమిటి?

మామూలు పీహెచ్‌డీలో ముందు వర్సిటీలో చేరతారు. తర్వాత గైడ్ దగ్గర కొన్నేళ్లు పరిశోధన చేసి, ఒక పెద్ద థీసిస్ రాసి సమర్పిస్తారు. పీహెచ్‌డీ బై పబ్లికేషన్‌లో ఆ ఒక్క పెద్ద థీసిస్ స్థానంలో ప్రచురితమైన పేపర్లు, పుస్తకాలు, పుస్తకాల్లోని అధ్యాయాలు ఉంటాయి. ఈ ఒక్క పేరు కిందే రెండు వేర్వేరు పద్ధతులున్నాయి. గందరగోళమంతా వాటిని కలిపేయడం వల్లే వస్తోంది.

మొదటిది: వర్సిటీలో చేరిన తర్వాత, గైడ్ పర్యవేక్షణలో రాసి ప్రచురించిన పేపర్లను గుదిగుచ్చి థీసిస్‌గా ఇవ్వడం. స్వీడన్, ఫిన్లాండ్, నెదర్లాండ్స్ వంటి దేశాల్లో, ముఖ్యంగా సైన్స్, వైద్య విభాగాల్లో ఇది చాలా మామూలు. ఆస్ట్రేలియా, బ్రిటన్‌లలోనూ చాలా వర్సిటీలు అనుమతిస్తాయి.

రెండోది: వర్సిటీలో చేరకముందే, ఉద్యోగం చేసుకుంటూ సంవత్సరాల తరబడి ప్రచురించిన పనిని తీసుకెళ్లి ‘దీన్ని పీహెచ్‌డీ స్థాయిదిగా గుర్తించండి’ అని అడగడం. ఇది ప్రధానంగా బ్రిటన్ వర్సిటీల్లో కనిపిస్తుంది. ప్రకటనలవాళ్లు అమ్మేది ఈ రెండో దాని పేరునే.

ఇది కొత్తగా పుట్టిందా?

కాదు. మనకు బాగా తెలిసిన పేరే ఒకటుంది. మద్రాసు పోర్ట్ ట్రస్టులో క్లర్కుగా పనిచేసిన శ్రీనివాస రామానుజన్‌కు భారత్‌లో డిగ్రీ లేదు. 1914లో కేంబ్రిడ్జి వెళ్లారు. 1915లో లండన్ మ్యాథమెటికల్ సొసైటీ ప్రొసీడింగ్స్‌లో అచ్చయిన ఆయన పరిశోధన ఆధారంగానే 1916 మార్చిలో కేంబ్రిడ్జి ఆయనకు ‘రిసెర్చ్ ద్వారా బీఏ’ డిగ్రీ ఇచ్చింది. అప్పటికి అక్కడ పీహెచ్‌డీ లేదు. తర్వాత వచ్చిన పీహెచ్‌డీకి ఈ డిగ్రీయే పూర్వరూపం.

మరో ప్రసిద్ధ ఉదాహరణ తత్వవేత్త లుడ్విగ్ విట్‌గెన్‌స్టైన్. 1921లో జర్మన్‌లో, 1922లో ఇంగ్లిష్ అనువాదంతో అచ్చయిన ‘ట్రాక్టేటస్’ పుస్తకాన్నే 1929లో కేంబ్రిడ్జిలో పీహెచ్‌డీ థీసిస్‌గా సమర్పించారు. బెర్ట్రాండ్ రసెల్, జి.ఇ.మూర్ ఎగ్జామినర్లుగా కూర్చుని వైవా చేశారు.

ఈ రెండు కథల్లోనూ ఒక విషయం గమనించండి. రామానుజన్ కేంబ్రిడ్జిలో చేరి, అక్కడ పరిశోధన చేశాకే డిగ్రీ వచ్చింది. అప్పటికే పేరున్న విట్‌గెన్‌స్టైన్ కూడా తిరిగి కేంబ్రిడ్జికి వచ్చి, ఎగ్జామినర్ల ముందు కూర్చోవాల్సి వచ్చింది. పని ముందే అచ్చయినా పరీక్ష మాత్రం తప్పలేదు. ఈ రోజుకీ అంతే.

బ్రిటన్‌లో ఎలా ఇస్తారు?

వర్సిటీని బట్టి నిబంధనలు మారతాయి. స్థూలంగా పద్ధతి ఇది.

అర్హత: చాలా వర్సిటీలు ఈ దారిని అందరికీ తెరవవు. తమ దగ్గర పనిచేసే అధ్యాపకులకో, తమ దగ్గర చదివిన పూర్వ విద్యార్థులకో పరిమితం చేస్తాయి. కేంబ్రిడ్జి ‘స్పెషల్ రెగ్యులేషన్స్’ కింద ఇచ్చే పీహెచ్‌డీ అక్కడ డిగ్రీ చదివినవారికే. బయటివారిని తీసుకునే వర్సిటీలూ ఉన్నాయి.

తొలి వడపోత: పేపర్ల జాబితా, వాటి సారాంశం చూసి, పీహెచ్‌డీ స్థాయికి సరిపోయే అవకాశం ఉందా లేదా అని ముందుగా ఒక అంచనాకు వస్తారు. అది దాటాకే రిజిస్ట్రేషన్.

విశ్లేషణ వ్యాసం: పేపర్లను కట్టగట్టి ఇస్తే సరిపోదు. వాటన్నిటినీ కలిపే దారం ఏమిటి, ఆ రంగానికి కొత్తగా ఏం చేర్చారు, ఏ పద్ధతులు వాడారు, ఎక్కడ లోపాలున్నాయి అన్నది వివరిస్తూ వేల పదాల వ్యాసం రాయాలి. స్వీడన్‌లో పేపర్లతో ఇచ్చే థీసిస్‌కు ముందుండే ఇలాంటి భాగాన్ని ‘కప్పా’ అంటారు. మన కప్ప కాదు, ఆ భాషలో కోటు అని అర్థం. విడివిడి పేపర్లన్నిటినీ కప్పి ఉంచే కోటు అన్నమాట.

వైవా: బయటి ఎగ్జామినర్లు ఉంటారు. మౌఖిక పరీక్ష ఉంటుంది. తిరస్కరించే అధికారం వారికి ఉంటుంది.

జపాన్‌లోనూ దీనికి దగ్గరి పద్ధతి ఒకటుంది. ‘రొంబున్ హకసే’ అంటారు. డాక్టోరల్ కోర్సులో చేరకుండానే థీసిస్ సమర్పించి డిగ్రీ పొందొచ్చు. అక్కడా థీసిస్ పరిశీలన, పరీక్షలు ఉంటాయి.

ఎన్ని పేపర్లుంటే సరిపోతుంది?

అందరూ మొదట అడిగే ప్రశ్న ఇదే. అన్నిచోట్లా చెల్లే ఒకే సంఖ్య లేదు. లెక్క కంటే ముందు మూడు విషయాలు చూస్తారు.

ఒకటి, పొందిక. సోలార్ ప్యానెళ్ల మీద ఒకటి, విద్యార్థుల హాజరు మీద ఒకటి, బ్లాక్‌చెయిన్ మీద ఒకటి రాసి ఉంటే అవి పది ఉన్నా ఒక థీసిస్ కావు. ఒకే ప్రశ్న చుట్టూ తిరిగిన నాలుగైదు పేపర్ల బలం వేరు.

రెండు, మీ వాటా. పేపర్ మీద ఐదుగురి పేర్లుంటే అందులో మీరు చేసిందేమిటి? ఆలోచన ఎవరిది, ప్రయోగం ఎవరు చేశారు, డేటా ఎవరు విశ్లేషించారు, రాసిందెవరు? దీనిపై సహ రచయితల సంతకాలతో ధ్రువీకరణ అడుగుతారు. చాలా జర్నళ్లు వాడే ‘క్రెడిట్’ పద్ధతిలో ఇలాంటి పాత్రలు 14 ఉన్నాయి. పేపర్ రాసేటప్పుడే ఎవరి పాత్ర ఏమిటో రాసిపెట్టుకుంటే తర్వాత తగాదా ఉండదు.

మూడు, జర్నల్ స్థాయి. డబ్బు కడితే వారంలో అచ్చేసే జర్నళ్లలోని పేపర్లు ఏ మంచి వర్సిటీలోనూ లెక్కలోకి రావు. నిపుణులు చదివి, ప్రశ్నించి, దిద్దించిన తర్వాత అచ్చయినవాటికే విలువ.

మన దేశంలో ఎందుకు కుదరదు?

మన దగ్గర పీహెచ్‌డీలకు ఆధారం యూజీసీ 2022 నవంబరులో నోటిఫై చేసిన నిబంధనలు. యూజీసీ పరిధిలోని కేంద్ర, రాష్ట్ర, ప్రైవేటు, డీమ్డ్ వర్సిటీలన్నీ వీటిని పాటించాలి. వాటిలో ముఖ్యమైనవి ఇవి.

• ప్రవేశం పరీక్ష, ఇంటర్వ్యూ పద్ధతిలోనే ఉండాలి. 2024 నుంచి యూజీసీ నెట్ స్కోరును పీహెచ్‌డీ ప్రవేశాలకూ వాడుతున్నారు. జేఆర్ఎఫ్ రాకుండా నెట్ ద్వారా అర్హత పొందినవారికి నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ.
• కోర్సు వర్క్ తప్పనిసరి. కనీసం 12 క్రెడిట్లు. అందులో పరిశోధన, ప్రచురణ నైతికతపై ఒక కోర్సు ఉండాలి.
• కోర్సు వర్క్‌తో కలిపి కనీస గడువు మూడేళ్లు. గరిష్ఠంగా ఆరేళ్లు. రీ-రిజిస్ట్రేషన్‌తో మరో రెండేళ్లు. మహిళలకు, 40 శాతానికి మించి వైకల్యం ఉన్నవారికి ఇంకో రెండేళ్ల వెసులుబాటు ఉంది.
• దూరవిద్య, ఆన్‌లైన్ పద్ధతిలో పీహెచ్‌డీ ఇవ్వకూడదు.
• థీసిస్‌ను గైడ్‌తో పాటు బయటి ఎగ్జామినర్లు కనీసం ఇద్దరు పరిశీలించాలి. ఆ తర్వాత వైవా.

అంటే మీ దగ్గర యాభై పేపర్లున్నా ఇక్కడ మూడేళ్లలోపు పీహెచ్‌డీ పట్టా చేతికి రాదు. ‘ఆరు నెలల్లో’ అన్న మాట వినగానే అనుమానించాల్సింది ఇందుకే.

ఇంకో విచిత్రం కూడా ఉంది. 2016 నిబంధనల్లో థీసిస్ ఇచ్చేముందు కనీసం ఒక పేపర్ ప్రచురించాలన్న షరతు ఉండేది. 2022లో దాన్ని తీసేశారు. యూజీసీ వైపు నుంచి చూస్తే పీహెచ్‌డీకి ప్రచురణ ఇప్పుడు తప్పనిసరి కాదు. వర్సిటీలు తమ సొంత నియమాల్లో అడగొచ్చు.

ఐఐటీల వంటి జాతీయ ప్రాధాన్య సంస్థలకు సొంత నియమాలుంటాయి. ఐఐటీ మద్రాస్ వంటి చోట్ల ఉద్యోగం చేస్తూనే చేరే ఎక్స్‌టర్నల్ విధానం ఉంది. అక్కడా ఎంపిక, కోర్సులు, పరిశోధన, వైవా అన్నీ ఉంటాయి.

మరి నా పాత పేపర్లు వృథాయేనా?

కావు. అవి తలుపు తెరవవు గానీ, లోపలికి వెళ్లాక నడక వేగం పెంచుతాయి.

ఇంటర్వ్యూలో మిగతావారి కంటే మీ మాటకు బరువుంటుంది. గైడ్‌ను వెతుక్కునేటప్పుడు మీ పని చూపించి మాట్లాడొచ్చు. పరిశోధన ప్రతిపాదన రాయడానికి కొత్తగా తడుముకోనక్కర్లేదు. సాహిత్య సమీక్ష సగం మీ చేతిలోనే ఉంటుంది. ఆరేళ్లు పట్టే పనిని మూడు, నాలుగేళ్లలో ముగించే అవకాశం అందరికంటే మీకే ఎక్కువ.

ఉద్యోగులకు పార్ట్‌టైమ్ పీహెచ్‌డీని 2022 నిబంధనలు అనుమతిస్తున్నాయి. పనిచేసే సంస్థ నుంచి ఎన్‌ఓసీ తెచ్చుకోవాలి. చదువుకోవడానికి తగిన సమయం ఇస్తామని, అవసరమైతే కోర్సు వర్క్‌కు డ్యూటీ నుంచి మినహాయిస్తామని సంస్థ అందులో రాసివ్వాలి. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర వర్సిటీల్లో ప్రవేశాలకు ఏపీఆర్‌సెట్ నోటిఫికేషన్లను, తెలంగాణలో ఆయా వర్సిటీల ప్రకటనలను చూసుకోవాలి.

సొంత పేపరే కదా, థీసిస్‌లో పెట్టేస్తే?

జాగ్రత్త. సొంత రచనే అయినా చెప్పకుండా తిరిగి వాడితే అది ‘సెల్ఫ్ ప్లేజరిజం’. తగిన ప్రస్తావన లేకుండా సొంత ప్రచురణలను పూర్తిగా గానీ, కొంత గానీ మళ్లీ వాడటం ఆమోదయోగ్యం కాదని యూజీసీ 2020లో స్పష్టం చేసింది.

థీసిస్‌లో పోలికల శాతంపై 2018 నిబంధనలున్నాయి. 10 శాతం వరకు పోలిక ఉంటే శిక్ష లేదు. 10 నుంచి 40 శాతం ఉంటే ఆరు నెలల్లోపు సరిదిద్ది మళ్లీ ఇవ్వాలి. 40 నుంచి 60 శాతం ఉంటే ఏడాదిపాటు థీసిస్ ఇవ్వకుండా నిషేధం. 60 శాతం దాటితే రిజిస్ట్రేషనే రద్దు.

కాబట్టి పాత పేపర్‌లోని ఏ భాగం ఏ అధ్యాయంలో వాడారో థీసిస్ మొదట్లోనే రాయండి. కాపీరైట్ ప్రచురణకర్తదైతే థీసిస్‌లో వాడుకోవడానికి అనుమతి ఉందో లేదో చూసుకోండి. మీ థీసిస్ చివరికి ‘శోధ్‌గంగ’లో అందరికీ కనిపిస్తుందని మరవకండి.

డీఎస్సీ, డీలిట్, గౌరవ డాక్టరేట్.. ఇవి వేరా?

వేరు. మన దగ్గర డీఎస్సీ అనగానే టీచర్ పోస్టులు గుర్తొస్తాయి. ఇక్కడ డీఎస్సీ అంటే డాక్టర్ ఆఫ్ సైన్స్. డీలిట్ అంటే డాక్టర్ ఆఫ్ లెటర్స్. బ్రిటన్ సంప్రదాయంలో ఇవి పీహెచ్‌డీ కంటే పై మెట్టు. ఏళ్ల తరబడి ప్రచురించిన పనిని పరిశీలించి ఇస్తారు. మన దేశంలోనూ కొన్ని వర్సిటీలు ఈ డిగ్రీలు ఇస్తాయి. అయితే సాధారణంగా అప్పటికే పీహెచ్‌డీ ఉన్నవారికే.

గౌరవ డాక్టరేట్ మళ్లీ వేరు. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఇచ్చే ‘కళాప్రపూర్ణ’ లాంటివి సమాజానికి, కళలకు చేసిన సేవకు గుర్తింపు. అది సత్కారం. ఉద్యోగానికి, ప్రమోషన్‌కు అర్హత కాదు.

డబ్బు కట్టే ముందు ఏం చూడాలి?

విదేశీ సంస్థలతో కలిసి ఎడ్‌టెక్ కంపెనీలు ఇచ్చే ఆన్‌లైన్ పీహెచ్‌డీలకు గుర్తింపు లేదని, ప్రకటనలు చూసి మోసపోవద్దని యూజీసీ, ఏఐసీటీఈ 2022 అక్టోబరులోనే హెచ్చరించాయి. మన దేశంలో ఉన్న వర్సిటీ అయినంత మాత్రాన భరోసా లేదు. పీహెచ్‌డీ నిబంధనలు పాటించలేదని రాజస్థాన్‌లోని మూడు ప్రైవేటు వర్సిటీలను 2025-26 నుంచి ఐదేళ్లపాటు పీహెచ్‌డీ విద్యార్థులను చేర్చుకోకుండా యూజీసీ నిషేధించింది. అందుకే ఈ ఐదు చూసుకోండి.

1. డిగ్రీ ఇచ్చేదెవరు? చట్టం ద్వారా ఏర్పడిన వర్సిటీలు, డీమ్డ్ వర్సిటీలు, పార్లమెంటు అధికారం ఇచ్చిన సంస్థలే మన దేశంలో డిగ్రీలు ఇవ్వాలని 1956 నాటి యూజీసీ చట్టం చెబుతోంది. ‘ఇంటర్నేషనల్ అకాడమీ’, ‘గ్లోబల్ కౌన్సిల్’ అన్న పేర్లు చూసి పొరబడొద్దు. యూజీసీ వెబ్‌సైట్‌లోని గుర్తింపు వర్సిటీల జాబితా, నకిలీల జాబితా రెండూ చూడండి.

2. మధ్యలో ఏజెంటు ఎందుకు? నిజమైన వర్సిటీ ఫీజు వర్సిటీ ఖాతాకే వెళ్తుంది. ‘కన్సల్టెన్సీ’ పేరుతో వ్యక్తుల ఖాతాకో, యూపీఐ నంబరుకో పంపమంటే అక్కడితో ఆగండి.

3. వైవా ఉందా? తిరస్కరించే అవకాశం ఉందా? ‘డిగ్రీ గ్యారంటీ’ అన్నారంటే అక్కడ పరీక్షే లేదని అర్థం.

4. పేపర్లు కూడా వాళ్లే రాసిస్తామంటున్నారా? అప్పుడు అది మోసమే, అందులో మీరూ భాగస్వామి అవుతారు. తర్వాత ఎప్పుడు బయటపడినా డిగ్రీతో పాటు ఉద్యోగమూ పోవచ్చు.

5. ఆ డిగ్రీ మీకు ఎక్కడ అవసరం? ఇదే అన్నిటికంటే ముఖ్యం. బ్రిటన్‌లో సక్రమంగా వచ్చిన పీహెచ్‌డీ అయినా, ఇక్కడ ఉద్యోగానికి వాడాలంటే సమానత్వ పరిశీలన ఉంటుంది. విదేశీ డిగ్రీల గుర్తింపుపై యూజీసీ 2025లో కొత్త నిబంధనలు తెచ్చింది. ఫ్రాంచైజీ పద్ధతిలో ఇచ్చే డిగ్రీలకు వాటి కింద గుర్తింపు లేదు. కాబట్టి ‘ఈ డిగ్రీని మీరు ఒప్పుకుంటారా?’ అని మీ కాలేజీ యాజమాన్యాన్ని లేదా నియామక సంస్థను ముందే అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. నోటి మాట చాలదు.

అసలు మీకు పీహెచ్‌డీ కావాలా?

ఇదీ ఒకసారి ఆలోచించాల్సిందే. 2023 జులై 1 నుంచి అసిస్టెంట్ ప్రొఫెసర్ నియామకానికి నెట్, సెట్ లేదా స్లెట్ కనీస అర్హత. పీహెచ్‌డీ ఐచ్ఛికమే. అసోసియేట్ ప్రొఫెసర్ పోస్టుకు మాత్రం పీహెచ్‌డీ కావాలి. పరిశ్రమలోనో, వృత్తిలోనో కనీసం 15 ఏళ్ల అనుభవం ఉన్న నిపుణులను పీహెచ్‌డీ లేకున్నా ‘ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్’గా తీసుకోవచ్చని యూజీసీ 2022లో మార్గదర్శకాలిచ్చింది. అయితే అవి పరిమిత కాలపు నియామకాలు. గరిష్ఠంగా నాలుగేళ్లు.

మొదట అనుకున్న ఆ అసిస్టెంట్ ప్రొఫెసర్ విషయానికే వద్దాం. ఆయనకు కావాల్సింది ఇక్కడి కాలేజీలో ప్రమోషన్. దానికి యూజీసీ నిబంధనల ప్రకారం వచ్చిన పీహెచ్‌డీయే పనికొస్తుంది. ఎనిమిది పేపర్లలో ఒకే అంశానికి చెందిన నాలుగింటిని పక్కన పెట్టుకుని, ఆ అంశంపై పనిచేసే గైడ్‌ను వెతికి, ఎన్‌ఓసీతో పార్ట్‌టైమ్‌లో చేరితే ఆయన మూడు, నాలుగేళ్లలో గట్టెక్కొచ్చు. ప్రకటనను నమ్మి లక్షలు కడితే ఆరు నెలల్లో ఒక కాగితం వస్తుంది. దాన్ని సర్టిఫికెట్ల పరిశీలనలో చూపించాల్సిన రోజు కూడా వస్తుంది.

ఆ రోజు టేబుల్‌కు అవతల కూర్చున్నవారు అడిగే ప్రశ్నలు రెండే. ఎప్పుడు చేరారు? ఎవరు పరీక్షించారు? వీటికి జవాబు చెప్పలేని డాక్టరేట్ కోసం రూపాయి కూడా కట్టకండి.